బ్రేకు లేని బండి

ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపినవాడికి ఆకాశం గురించి ఏమీ తెలియదు. కళ్ళెప్పుడూ ముందు బండి వెనక లైట్ల మీదే ఉంటాయి. అద్దానికి పైన ఎండ తెర ఒకటి ఉంటుంది. అది కిందికి దించితే ఆకాశం అన్నది లేనే లేనట్టు. పొద్దున బండి తీసే ముందు స్టీరింగ్ మీద చెయ్యి ఆనించి దేవుణ్ణి తలుచుకునేటప్పుడు మాత్రం ఒకసారి పైకి చూసేవాణ్ణి. అప్పుడు కనిపించేది బస్సు రేకు. అలాంటి నేను ఆ ఎండాకాలం ఏడు ఆదివారాలు హెలికాప్టర్ నడపడం నేర్చుకున్నాను. నేర్చుకున్నాను అంటే కొంచెం ఎక్కువ చెప్పినట్టే.

అది మా డిపో వాళ్ళు చేసిన పని. ఒక్క ప్రమాదం కూడా చెయ్యని డ్రైవర్లకు ఏటా బహుమతులిస్తారు. ఇరవై ఏళ్ళకి గోడ గడియారం, ముప్ఫై ఏళ్ళకి ఫ్రిజ్. ఆ ఏడాది మా బస్సు ఆఖరి స్టాపు పక్కనున్న ఫ్లయింగ్ క్లబ్బు వాళ్ళకి ఏం బుద్ధి పుట్టిందో, ముప్ఫై ఏళ్ళవాళ్ళు కావాలంటే ఫ్రిజ్ బదులు హెలికాప్టర్ పాఠాలు పన్నెండు తీసుకోవచ్చని కబురు పంపారు. బహుమతుల సభలో మేనేజరు ఆ మాట మైకులో చెబితే హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వుతూనే మైకు నా నోటి దగ్గర పెట్టాడు.

"చెప్పవయ్యా, ఫ్రిజ్జా, పాఠాలా?"

"పాఠాలు," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందని నాకు తెలియడానికి కొంచెం సేపు పట్టింది.

కారణం లేకపోలేదు. ఆఖరి స్టాపులో బస్సుకి ఇరవై నిమిషాలు విరామం. ఆ ఇరవై నిమిషాలూ నేను టీ గ్లాసు పట్టుకుని క్లబ్బు కంచె దగ్గర నిలబడేవాణ్ణి. విమానాలు ఎగరడం నాకు వింతగా ఉండేది కాదు. వేగంగా పోయేది ఎలాగో పోతుంది. హెలికాప్టర్ అలా కాదు. అది మనిషెత్తు లేచి గాలిలో ఆగిపోయేది. కింద గడ్డంతా చదునుగా వంగిపోయేది, అది మాత్రం గోడకి కొట్టిన మేకులా ఉండేది. బండి అన్నాక కదలాలి, లేదంటే నేల మీద ఆగాలి. దేని మీదా ఆనకుండా ఆగడం ఏమిటి? ఏళ్ళ తరబడి చూసినా నాకు ఆ సంగతి అరగలేదు.

మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, నా బస్సులోనే కండక్టరు. పదకొండేళ్ళుగా ఒకే బండిలో ఉన్నాం. హాల్లోంచి బయటికి రాగానే నా భుజం మీద చెయ్యేశాడు.

"బావా, అక్కకి ఏం చెప్తావో నాకు తెలీదు. నేను మాత్రం వారం రోజులు మీ వీధి వైపు రాను."

"నువ్వు పక్కనుంటే కొంచెం తగ్గుతుందిరా."

"తగ్గదు. ఇద్దరికీ సమానంగా పంచుతుంది."

మా పాత ఫ్రిజ్ తలుపు పట్టదు. మా ఆవిడ దానికి పొడుగాటి నాడా చుట్టి ముడేసింది. మంచినీళ్ళ సీసా కావాలంటే ముడి విప్పాలి. ఆ ముడి పక్కనే ఆమె కుట్టు మిషను. ఎండాకాలం ఆమెకి ఊపిరి సలపని కాలం. బడులు తెరిచేలోగా రెండు బడుల పిల్లలకి యూనిఫారాలు కుట్టివ్వాలి. గదిలో ఒక పక్క నీలం గుడ్డ, ఒక పక్క తెల్ల గుడ్డ, మధ్యలో మనిషి తిరగడానికి సందు. మిషనుకి మోటారు పెట్టిస్తానని నేను చాలాసార్లు అన్నాను. మోటారు తన కాలి మాట వినదని ఆమె వద్దనేది.

సంగతి చెప్పాను. ఆమె మిషను ఆపలేదు.

"పన్నెండు పాఠాలా."

"పన్నెండు."

"వాటిని ఎక్కడ పెట్టుకుంటాం? హాల్లోనా, వంటింట్లోనా?"

నేను ఫ్రిజ్ నాడా ముడి విప్పి నీళ్ళ సీసా తీశాను.

"వాటిలో పాలు పెడితే విరగకుండా ఉంటాయా?"

"పొరపాటైపోయింది. రేపు వెళ్ళి మార్చుకుంటాను."

ఆమె కుట్టు చివరిదాకా వెళ్ళి దారం తెంపింది. అప్పుడు నా వైపు చూసింది. "మారిస్తే ఊరుకోను. పెళ్ళయ్యాక మీరు నాకిది కావాలని నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. వెళ్ళండి. వెళ్ళి పడకుండా రండి."

*

క్లబ్బులో పాఠం చెప్పే ఆయన్ని అందరూ గాలి మేష్టారు అంటారు. డెబ్బై ఏళ్ళుంటాయి. వయసులో ఉన్నప్పుడు పొలాల మీద హెలికాప్టర్లో మందు చల్లేవారట. ఆ మోతకి చెవులు సగం పోయాయి కాబట్టి పక్కనున్నవాళ్ళతో కూడా పొలం గట్టు మీద నుంచి పిలిచినట్టే మాట్లాడతారు.

"రా ప్యాసింజర్!" అన్నారు నన్ను చూడగానే.

"నేను డ్రైవర్నండీ," అన్నాను. "ముప్ఫై ఏళ్ళు."

"రోడ్డు మీద. ఇక్కడ ప్యాసింజర్‌వే."

ఆయన పద్ధతి అది. గడ్డిలో సున్నంతో ఒక పెద్ద గడి గీసి ఉంటుంది, ఒక్కో వైపూ బస్సంత పొడవు. నేర్చుకునేవాడు ఆ గడి దాటకుండా, మనిషెత్తులో, ఒక్క నిమిషం బండిని గాలిలో నిలపాలి. ఆ నిమిషం పాటు మేష్టారు తన రెండు చేతులూ పైకెత్తి ఉంచుతారు, సాయం పట్టలేదని బయటివాళ్ళకి తెలియడానికి. ఆ నిమిషం పట్టినవాణ్ణి పైలట్ అని పిలుస్తారు. అప్పటిదాకా కలెక్టరు వచ్చినా ప్యాసింజరే. అలా నిలిపినంత మాత్రాన లైసెన్సు రాదు, దానికి ఇంకా చాలా తతంగం ఉంది. అయినా నాకు లైసెన్సు ఎందుకు? నాకు కావలసింది ఆ నిమిషం. ముప్ఫై ఏళ్ళు జనాన్ని ఎక్కించుకుని తిప్పినవాణ్ణి ఒకాయన ప్యాసింజర్ అంటుంటే, నవ్వుతూ అన్నా సరే, లోపల ఎక్కడో గుచ్చుకునేది.

బండి చాలా చిన్నది. ఇద్దరు కూర్చుంటే భుజాలు రాసుకుంటాయి. ముందంతా గాజు బుడగ. ఎక్కే ముందు మేష్టారు దాని చుట్టూ నెమ్మదిగా తిరిగి, చేతిలో కాగితం చూసుకుంటూ ఒక్కో బోల్టునీ వేలితో ముట్టుకున్నారు. నలభై ఏళ్ళుగా చేస్తున్నవారికి కాగితం ఎందుకని అడిగాను. "నలభై ఏళ్ళుగా చేస్తున్నాను కాబట్టి," అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. నేను రోజూ చదివే ప్రార్థన కూడా నాకు నోటికొచ్చు. అయినా పుస్తకం తెరిచే చదువుతాను.

మొదటి రోజు ఆయనే లేపారు. చెవులకి డిప్పల్లాంటివి తగిలించి, బెల్టు బిగించి, మోత పెరిగి పెరిగి ఇక ఏదో ఊడిపోతుందేమో అనుకుంటున్నంతలో నేల వదిలేసింది. మేం పైకి వెళ్ళినట్టు నాకనిపించలేదు. నేలే మా కాళ్ళ కింద నుంచి మర్యాదగా తప్పుకున్నట్టుంది. షెడ్డు రేకుల పైభాగం కనిపించింది. దాని మీద ఎవరిదో ఒంటి చెప్పు ఉంది. ఇంకొంచెం పైకి వెళితే ఆఖరి స్టాపు, అందులో నా బస్సు, అగ్గిపెట్టెలా. దాని ముందు నుంచి ఊళ్ళోకి ఒక దారం పోతోంది. ఆ దారమే నా ముప్ఫై ఏళ్ళు. అటూ ఇటూ, అటూ ఇటూ, ఆ దారం మీదే. దానికి రెండు పక్కలా ఇంత లోకం ఉందని, అది ఎక్కడా గోడ లేకుండా అంత దూరం పోయి ఎండ మసకలో ఆకాశంతో కలిసిపోతుందని నాకెవరూ చెప్పలేదు. నా కళ్ళ వెంట నీళ్ళు కారాయి. గాలికి అనుకున్నారు మేష్టారు. తలుపులు తీసేసి ఉన్నాయిలెండి.

దేవుడు పైనుంచి అందరినీ చూస్తుంటాడని చిన్నప్పటి నుంచి విన్నాను. ఆ రోజు నేనూ పైనుంచి చూశాను. మనుషులు కనిపించలేదు, వాళ్ళ నీడలు కనిపించాయి. మనిషి కన్నా నీడే పెద్దగా ఉంది. మరి ఆయన ఎవరు ఎవరో ఎలా గుర్తుపడతాడు? ఆ అనుమానం నాతోపాటే కిందికి దిగింది.

రెండో ఆదివారం నా చేతికిచ్చారు. ఒకేసారి కాదు, ఒక్కొక్కటిగా. ఎడమ చేతి పక్కన ఒక లివరు ఉంటుంది, పైకి లాగితే బండి లేస్తుంది. మోకాళ్ళ మధ్య ఒక కర్ర, అది ఎటు వంచితే అటు పోతుంది. కాళ్ళ దగ్గర రెండు పెడళ్ళు, కుడిది నొక్కితే ముక్కు కుడికి, ఎడమది నొక్కితే ఎడమకి తిరుగుతుంది. వినడానికి ఇంతే. కానీ ఆ ఎడమ చేతి లివరు అచ్చం హ్యాండ్‌బ్రేకులా ఉంది. ఆ కుడి పెడల్ నా బ్రేకు ఉండే చోటే ఉంది.

బండి కొంచెం ముందుకి జారింది. జారితే డ్రైవరు ఏం చేస్తాడు? కుడి కాలితో బలంగా తొక్కాను. ముక్కు గిర్రున కుడికి తిరిగింది. బెదిరిపోయి హ్యాండ్‌బ్రేకు లాగాను. ఆపుదామని లాగితే బండి ఎగిరి ఆకాశంలోకి లేచింది.

"వదులు! అన్నీ వదులు!" అని అరిచి మేష్టారు అందుకున్నారు. కిందికి దించాక చాలాసేపు నవ్వి, కళ్ళు తుడుచుకున్నారు. "అందరూ భయపడితే కింద పడతారు. నువ్వు భయపడితే పైకి పోతున్నావు. కొత్త రకం ప్యాసింజర్‌వి."

"బ్రేకు లేకుండా ఎలాగండీ?"

"లేదు. ఈ బండికి ఆగడం అన్నది లేదు. ఎటూ పోకుండా నడపడమే ఆగడం. కాలితో తొక్కకు, ఆనించు. బొటనవేలితో అనుకో చాలు."

తొక్కకు, ఆనించు. ఆ రెండు మాటలే వారమంతా మననం చేశాను. ఇంట్లో కుర్చీ వేసుకుని, మోకాళ్ళ మధ్య చీపురు పెట్టుకుని, కాళ్ళ కింద మా ఆవిడ చెప్పుల జత పెట్టి అభ్యాసం చేసేవాణ్ణి. ఆమె గుడ్డలు కత్తిరిస్తూ నన్ను ఓరగా చూసేది.

"ఎందాకా వచ్చారు?"

"మన డాబా దాటాను."

"వచ్చేటప్పుడు ఆరేసిన బట్టలు తీసుకురండి."

*

నాలుగో ఆదివారానికి పది సెకన్లు నిలిపాను. ఐదోసారి పాతిక. ఆరోసారి ముప్ఫై. మేష్టారి చేతులు పైకి లేచేవి, మళ్ళీ చప్పున దిగేవి.

అది ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. కింద నుంచి చూసినప్పుడు ఎవరో దాన్ని గాలిలో పెట్టేసి ఊరుకున్నట్టు ఉండేది కదా. లోపల కూర్చుంటే ఊరుకోవడం అనేది ఒక్క క్షణం కూడా లేదు. వేళ్ళు, అరికాళ్ళు, మోచెయ్యి, అన్నీ నూలుపోగంత కదులుతూనే ఉండాలి. ఒక్కటి నిద్రపోతే మిగతావన్నీ మునుగుతాయి. అప్పటిదాకా నేను, దేవుడు ఈ లోకాన్ని చేసి ఒక చోట పెట్టి, చూస్తూ కూర్చున్నాడనుకునేవాణ్ణి. ఆకు కదలని మధ్యాహ్నాలు ఉంటాయి కదా, అలాంటప్పుడు ఆయన కూడా విశ్రాంతిగా ఉన్నాడనిపించేది. ఒకవేళ అలా ఆకు కదలకుండా ఉంచడానికే ఆయన వేళ్ళు క్షణం తీరిక లేకుండా కదులుతున్నాయేమో! మరి ఆయనకి అలుపు రాదా? మేష్టార్ని అడిగాను.

"నీ కాళ్ళ సంగతి చూడు ముందు," అన్నారు.

ఇంకొక చిక్కు కూడా వచ్చింది. నిలపలేకపోతున్నప్పుడల్లా నేను కళ్ళు మూసుకుని దేవుణ్ణి పిలిచేవాణ్ణి. మూసిన మరుక్షణం బండి గడి దాటేది. మేష్టారు కేక వేశారు. "పిలుచుకో, కాదనను. కళ్ళు తెరిచి పిలు. దగ్గర గడ్డి చూడకు, దాని వెంటే పోతావు. అదిగో దూరంగా, ఆకాశం అంచు. అటు చూడు."

ఏడో ఆదివారం నలభై ఎనిమిది సెకన్లు పట్టాను. మేష్టారు నా వీపు తట్టారు. "వచ్చేవారం అయిపోతుంది నీ పని. నీ కాలు బస్సుని మర్చిపోయింది."

ఆ మాటకి నేను పొంగిపోయాను. దాని అసలు అర్థం నాకు గురువారం తెలిసింది.

గురువారం మధ్యాహ్నం, మార్కెట్టు మలుపు దగ్గర. బస్సు సగం నిండి ఉంది. ఒకాయన తోపుడు బండి మీద పరుపులు వేసుకుని పక్క సందులోంచి ఒక్కసారిగా రోడ్డు మీదికి వచ్చాడు. పరుపుల చాటున ఆయనకి బస్సు కనిపించలేదు. నాకు ఆయన కనిపించాడు. నా కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. వెళ్ళి, ఆనింది.

ఆ తర్వాతే తొక్కింది.

బస్సు ఆగింది. వెనక ఎవరో తూలి తిట్టుకున్నారు. నేను దిగి ముందుకి వెళ్ళాను. బంపరుకీ పరుపులకీ మధ్య జానెడు సందు ఉంది. తోపుడు బండాయన నా వైపు చూసి, "సారీ అన్నా, నాదే తప్పు," అని చెప్పి తోసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయనకి అరవై దాటి ఉంటాయి. మెడ మీద చెమట పట్టి ఉంది.

నేను తిరిగి ఎక్కాను. బావమరిది ఇంజను డబ్బా మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. వాడు పదకొండేళ్ళుగా నా కాలి మీద ఆధారపడి, కడ్డీ పట్టుకోకుండా టిక్కెట్లు కొట్టినవాడు. ఆఖరి స్టాపుదాకా వాడు కడ్డీ పట్టుకునే టిక్కెట్లు కొట్టాడు. అక్కడ బస్సు ఖాళీ అయ్యాక నేనే అన్నాను.

"చూశావా?"

"ఏం చూడాలి?"

"చూశావురా."

వాడు టిక్కెట్ల మిషను పట్టీ సర్దుకున్నాడు. "చూశాను బావా. అక్కకి నేను చెప్పను. నువ్వే చెప్పు."

ఆ రోజు నేను కంచె దగ్గరికి వెళ్ళలేదు. మోత మాత్రం వినిపిస్తూనే ఉంది.

*

ఇంటికి వెళ్ళేసరికి ఆమె నీలం లాగులు కుడుతోంది. మంచం అంచున కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె మిషను ఆపి, "ఎంత దూరంలో ఆగింది?" అని అడిగింది. నేను బొటనవేలూ చిటికెనవేలూ చాచి చూపించాను. ఆమె తన చెయ్యి నా చేతి పక్కన పెట్టి కొలిచి చూసింది. ఆమె జాన నా జాన కన్నా చిన్నది.

"మిగతా ఐదూ నేను వెళ్ళను," అన్నాను.

"ఒక్క వారంలో అయిపోతుందన్నారుగా. ఆ నిమిషం."

"అయిపోతుంది. అయిపోతే ఈ కాలు ఇంక బస్సుకి పనికిరాదేమో. నాకు భయంగా ఉంది."

ఆమె కాసేపు దారం కండె తిప్పుతూ కూర్చుంది. నాకు దుఃఖంగా ఉందని ఆమెకి తెలుసు. ఓదార్చలేదు. ఓదారిస్తే నేను ఇంకా చిన్నబోతానని కూడా ఆమెకి తెలుసు.

"మీరు వెళ్ళకపోతే ఆ ఐదూ ఏమవుతాయి?"

"ఏముంది, ఊరికే పోతాయి."

"ఫ్రిజ్ వదులుకుని తెచ్చుకున్నవి ఊరికే ఎలా పోతాయండీ? నేను వెళ్తాను."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నువ్వా? నువ్వు సైకిలైనా తొక్కలేదు."

"అదే చెప్తున్నా. చెడిపోవడానికి నా కాలికి ఇంకే బండీ రాదు."

*

"ఏంటి, ప్యాసింజర్ మారిపోయాడు?" అన్నారు మేష్టారు.

"మా ఆయన కాలు బస్సుకి కావాలండి. అందుకని నేనొచ్చాను," అంది ఆమె.

మేష్టారు నా వైపు చూశారు. నేను చెప్పాను. "నాకు తట్టాల్సింది," అన్నారు, ఆయన గొంతుకి అది గుసగుసే. తర్వాత ఆమెని అడిగారు. "భయమా అమ్మా?"

"భయమేనండి. ఉండనివ్వండి, దాని దారిన అది ఉంటుంది."

మొదటి రోజు దిగగానే ఆమె షెడ్డు వెనక్కి పరుగెత్తి వాంతి చేసుకుంది. నేను నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డాను. ఇంక రాదనుకున్నాను. మరుసటి ఆదివారం ఏమీ తినకుండా బయలుదేరింది. నేను ఆమె సంచీ ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. పాపం, పెళ్ళిళ్ళలో, ఆస్పత్రుల్లో, డిపో మీటింగుల్లో నా సంచీ పట్టుకుని ఆమె ఎన్నిసార్లు ఇలా కూర్చుందో నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

ఆ రోజు పెడళ్ళు మాత్రమే ఆమెకిచ్చారు. బండి ముక్కు కంచె వైపు ఉంది. అలాగే ఉంది. నా చేతిలో గడియారం ముల్లులా తిరిగిన ముక్కు, ఆమె కాళ్ళ కింద చూపుడువేలులా నిలబడింది.

దిగాక మేష్టారు డిప్పలు తీసి, "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నారు.

"కాలి మిషను తొక్కుతానండి."

ఆయన అదేదో పెద్ద రహస్యం దొరికినట్టు తల ఊపారు. ఇంటికి వస్తూ నేనూ అదే అన్నాను, మిషను వల్లే వచ్చిందని. ఆమె విసుక్కుంది. "దానికీ దీనికీ పోలికేంటండీ? పెద్దాయన అడిగారు, ఏదో ఒకటి చెప్పకపోతే బాగోదని చెప్పాను."

మరి ఎందుకు వచ్చింది? ఇప్పటికీ నాకు తెలియదు. నాకు ఆ నిమిషం కావాలి, ఆమెకి ఏమీ అక్కర్లేదు, ఊరికే పోకూడదని వెళ్ళింది. అదేనేమో అనుకుంటాను. కానీ మూడో వారం కర్ర చేతికిచ్చాక, అది ఆమెని అటూ ఇటూ ఊయల ఊపి దింపాక, ఇంటికి వచ్చి ఆమె మిషను ముందు కూర్చుని కిటికీలోంచి ఎదురు మేడల పైకి చూస్తూ ఉండిపోయేది. వేలికి సూది గుచ్చుకునేది. యూనిఫారాలు వెనకబడ్డాయి. నేను పక్కన కూర్చుని గుండీలు కుట్టాను. అక్కర్లేనివాళ్ళు అలా చూడరు.

నా కాలు నెమ్మదిగా బస్సుకి తిరిగొచ్చింది. బావమరిది మళ్ళీ కడ్డీ పట్టుకోకుండా టిక్కెట్లు కొట్టడం మొదలుపెట్టాడు.

*

ఆఖరి ఆదివారం గాలి లేదు. బావమరిది కూడా వచ్చాడు, మెడలో డ్యూటీ ఈల వేసుకుని.

"అదెందుకురా?"

"అక్క ఎటైనా పోతే ఊదుతాను. రోడ్డు మీదైతే ఎవరైనా ఆగుతారు."

మోత పెరిగింది. గడ్డి వంగింది. బండి లేచింది, కొంచెం తూలింది, గడి మధ్యలోకి వచ్చింది. గాజు బుడగలో మేష్టారి చేతులు రెండూ పైకి లేచాయి. బావమరిది గడియారం చూస్తూ అంకెలు పైకి చదవడం మొదలుపెట్టాడు.

నిజం చెప్పాలి. మొదటి పది సెకన్లు ఆమె గడి దాటిపోవాలనుకున్నాను. పడాలని కాదు, దేవుడి తోడు. కొంచెం జరిగితే చాలు, మేష్టారి చేతులు దిగితే చాలు అనుకున్నాను. అది నేను ముప్ఫై ఏళ్ళలో సంపాదించుకుని, చేతిదాకా వచ్చాక వదిలేసిన నిమిషం. అది ఇంకొకరి చేతిలో నిలబడుతుంటే చూడటం ఇంత కష్టమని నాకు తెలియదు. దేవుణ్ణి ఏమని పిలవాలో తోచక ఊరికే నిలబడ్డాను.

"ఇరవై," అన్నాడు వాడు.

బండి కదలలేదు. దాని కింద గడ్డి మాత్రం వెర్రిగా పరుగెడుతోంది, దుమ్ము లేచి మా మొహాల మీద కొడుతోంది, నా టోపీ ఎటో ఎగిరిపోయింది. ఆ హోరు మధ్యలో ఒక్క చోటు మాత్రం కదలకుండా ఉంది. ఆ చోట మా ఆవిడ కూర్చుని ఉంది. గాజులోంచి ఆమె మొహం స్పష్టంగా కనిపించింది. ఆ మొహం నేను అంతకుముందు చూడలేదు. అది వంట చేసే మొహం కాదు, లెక్క సరిచూసే మొహం కాదు, నా మీద కోపం దాచుకునే మొహమూ కాదు. ప్రార్థన చేస్తున్న మొహం కూడా కాదు. కళ్ళు తెరిచి ఉన్నాయి.

"నలభై."

నాకు ఈర్ష్య ఎప్పుడు పోయిందో తెలియదు. పోయింది. ఇన్నేళ్ళూ టీ గ్లాసు పట్టుకుని చూసిన అద్భుతం ఇదే. దానికి మొహం ఉంటుందని, అది నాకు తెలిసిన మొహమే అయి ఉండొచ్చని నాకు తట్టలేదు.

"అరవై! బావా, అరవై!" వాడు ఈల వేశాడు. మేష్టారు చేతులు దించలేదు. ఆమె బండి దించలేదు. మేష్టారు ఏదో చెప్పినట్టున్నారు, ఆమె తల ఊపింది. బండి ముక్కు మెల్లగా తిరగడం మొదలైంది. మాకు పక్క కనిపించింది, తోక కనిపించింది, రెండో పక్క కనిపించింది, గడిలోంచి వేలెడు జరగకుండా. అలా మొత్తం చుట్టు తిరిగి మళ్ళీ మా వైపు వచ్చింది. నేను చెయ్యి ఎత్తాను. ఆమె నా తల మీదుగా నా వెనక ఎక్కడో దూరంగా చూస్తోంది.

బండి నేలకి ఆనాక మేష్టారు ముందు తను దిగి, అటు చుట్టి వచ్చి ఆమె బెల్టు విప్పారు. "రండి పైలట్ గారూ," అన్నారు, ఆ మాట ఆఖరి స్టాపుదాకా వినిపించి ఉంటుంది. ఆమె సిగ్గుపడి జుట్టు ముడి సర్దుకుంది. మా గోనెపట్టాలు చిరిగిపోయాయమ్మా, బండి మీద కప్పే ముసుగు ఒకటి కుట్టిపెట్టు, దానికి బదులు వచ్చే నెలలో మళ్ళీ ఎక్కుదువుగాని అని ఆయన అంటుంటే, కొలతలు కావాలండి అంది.

తిరుగు ప్రయాణం మా రూటు బస్సులోనే. ఆదివారం డ్యూటీ వేరే డ్రైవరుది. బావమరిది వెనక ఎవరితోనో ఈ సంగతే చెబుతున్నాడు, వాళ్ళు నమ్మడం లేదు. మేమిద్దరం ముందు సీటులో కూర్చున్నాం. ఆమె కిటికీ పక్కన.

"కంచె దగ్గర చెయ్యి ఊపాను. కనిపించానా?" అన్నాను.

"కనిపించారు."

"మరి నా వైపు చూడలేదే?"

"దగ్గరున్నదాన్ని చూస్తే బండి దాని మీదికే పోతుందట కదండీ. అందుకని చూడలేదు." కొంచెం ఆగి అంది. "చూడకుండా ఉండటమే అన్నిటికన్నా కష్టమైంది."

ఆమె మళ్ళీ కిటికీ వైపు తిరిగి, ఇళ్ళ పైన, చాలా దూరం చూడటం మొదలుపెట్టింది. నేను మాత్రం ఇల్లు వచ్చేదాకా ఆమెనే చూస్తూ కూర్చున్నాను. నా చేతిలో ఏ బండీ లేదు కదా.